రెండుసార్లు గీత గీసిన మాట

వరి దుబ్బు మొదట్లో చేరి రసం పీల్చే సుడిదోమకు ఆ పేరెందుకు వచ్చిందో బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదివిన నాలుగేళ్ళలో నేనెప్పుడూ ఆలోచించలేదు. శాస్త్రీయ నామం అడిగితే నీలపర్వత లూజెన్స్ అని తడుముకోకుండా చెప్పేదాన్ని. ఆడపురుగు వరి ఆకు తొడుగును చీల్చి లోపల గుడ్లు పెడుతుందనీ, పిల్లపురుగు అయిదుసార్లు కుబుసం విడుస్తుందనీ చెప్పేదాన్ని. పేరు మాత్రం 1991 అక్టోబరులో అర్థమైంది. పశ్చిమ గోదావరి డెల్టాలో ఒక కాలవగట్టు మీద లూనా ఆపి కిందికి చూశాను. పచ్చగా ఈనుతున్న చేను నడిమధ్య, బాగా కాలిన పెనం బోర్లించి తీసినట్టు గుండ్రంగా ఎండిన మచ్చ. కాస్త అవతల ఇంకొకటి. మూడోది గట్టు దాకా వచ్చేసింది. వరదలో నీళ్ళు సుడి తిరిగినట్టే ఉంది. నీళ్ళు లేవు, అంతే.

ఆ చేనుకు మందు రాసిచ్చింది నేనే.

అప్పటికి నేను వ్యవసాయాధికారిగా చేరి నాలుగేళ్ళు. ఆ సార్వాలో, అంటే వానాకాలం పంటలో, ఊడ్పులు సకాలంలో అయ్యాయి. ఊరంతా స్వర్ణే. మార్టేరు పరిశోధన స్థానం నుంచి 1982లో వచ్చిన ఎం.టి.యు. 7029 రకం అది. దిగుబడి బాగా ఇస్తుంది, యూరియా వేసేకొద్దీ కళకళలాడుతుంది, అందుకే రైతుకు ప్రాణం. దోమపోటుకు, అంటే సుడిదోమ దెబ్బకు, తట్టుకోలేకపోవడం దాని లోపం. ఆగస్టు ఆఖర్లో ఒక రైతు, రెండెకరాల సొంత భూమి ఉన్నాయన, తువ్వాలులో గుప్పెడు వరి ఆకులు చుట్టుకుని ఆఫీసుకొచ్చాడు. "మేడంగారండీ, చేనంతా తెల్లబడిపోతోందండి. రాత్రి నిద్ర లేదండి" అన్నాడు. వెళ్ళి చూశాను. ఆకుముడత పురుగు. ఆకు అంచులు కలిపి గొట్టంలా చుట్టుకుని, లోపల కూర్చుని పచ్చదనం గీకి తింటుంది. తెల్లటి చారలు పడతాయి. దూరం నుంచి చూస్తే చేను నెరిసినట్టు కనిపిస్తుంది. చూసినవాళ్ళకి గుండె గుభేలుమంటుంది.

చీటీ మీద సింథటిక్ పైరిత్రాయిడ్ మందు ఒకటి రాశాను. రెండ్రోజుల్లో పురుగు చచ్చింది. ఆ రైతు ఆదివారం మా ఇంటికి అరటిగెల మోయించుకుని వచ్చాడు. సెప్టెంబరులో మళ్ళీ కొంచెం కనిపించిందంటే మళ్ళీ అదే రాశాను. ఈసారి నేను చేలోకి దిగి చూడలేదు కూడా. గట్టు మీంచే చూసి రాసిచ్చాను.

అక్టోబరులో సుడులు.

"ఏం జరిగిందండీ?" అని ఆయన నన్నే అడిగాడు. గట్టు మీద ఇంకో నలుగురు నిలబడి ఉన్నారు. "ముసురు పట్టింది కదండీ పది రోజులు, వాతావరణం దోమకు కలిసొచ్చింది" అన్నాను. "ఆయ్... అంతేనండి, వాతావరణమే" అన్నాడాయన. ఎంత నమ్మకంగా అన్నాడో! ఆ ఏడాది ఆయనకు ఎకరానికి 12 బస్తాలు దక్కాయి. ముందటేడు 30 దాటింది. సంక్రాంతికి ముందు పాడిగేదెను అమ్ముకున్నాడని తర్వాత తెలిసింది.

నేను అబద్ధం చెప్పానని ఆ రోజు నాకు తెలియదు. ముసురు దోమకు కలిసొస్తుందన్నది నిజమే. నిజంలో చిన్న ముక్క పట్టుకుని మిగతాదాన్ని దాని కింద దాచేశాను. దాచానని నాకే తెలియకుండా దాచాను.

కదిలించింది పక్క చేను. బోదెకు, అంటే చేలకు నీళ్ళు పారే పిల్లకాలవకు, ఇవతల ఎకరంన్నర, ఒక కౌలు రైతుది. అదీ స్వర్ణే. ఒకే బోదె నీళ్ళు, ఇంచుమించు ఒకే వారంలో ఊడ్పులు, అదే ముసురు. ఎక్కడా సుడి లేదు. "మీరేం కొట్టారండీ?" అని అడిగాను. ఆయన తల దించుకున్నాడు. మందుల కొట్టులో పాత బాకీ తీరలేదట, అప్పివ్వలేదట. "కొట్టలేకపోయానండి. ఏ దేవుడో చూశాడండి" అన్నాడు. తనేదో తప్పు చేసినట్టే చెప్పాడు. ఆయనకు రహస్యమేదీ తెలియదు. తెలిసినవాళ్ళెవరూ ఆ గట్టు మీద లేరు.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి కుచ్చిళ్ళు ఎగదోపుకుని దిగాను. ముందు కౌలు రైతు చేను. దుబ్బును పక్కకు వంచి అరచేత్తో తడితే దోమలు నీళ్ళ మీద రాల్తాయి. లెక్కపెట్టాలి. మొదటి దుబ్బుకు 7. తర్వాత 5. తర్వాత 9. అంటే దోమ ఇక్కడా ఉంది! నేను లేదనుకున్నాను. ఈనిక దశలో దుబ్బుకు 20, 25 దాటితేనే మందు కొట్టాలని పాఠం. ఇక్కడ ఆ హద్దులోనే నిలిచి ఉంది. దోమలతోపాటు నీళ్ళ మీదకు ఇంకొకటి దూకింది. గోధుమరంగు సాలీడు. నీళ్ళ మీదే పరుగెత్తి ఒక దోమను పట్టుకుని పక్క దుబ్బు ఎక్కేసింది. గూడు కట్టని సాలీడు ఇది, లైకోసా అని చదువుకున్నాం, వెంటబడి వేటాడుతుంది. ఒకదాని వెనక తెల్లటి గుడ్ల సంచి వేలాడుతోంది. ఇంకొకదాని వీపు మీద చీమతలంత పిల్లలు గుత్తిగా ఎక్కి కూర్చున్నాయి. అలా ఎంతసేపు చూశానో. మోకాళ్ళ దాకా బురద, వీపు మీద ఎండ.

తర్వాత బోదె దాటి సుడి అంచున దిగాను. దుబ్బు తట్టగానే నీళ్ళ మీద నల్లగా తెట్టు కట్టినట్టు దోమ రాలింది, లెక్కకు అందలేదు. పొట్టి రెక్కల తల్లిపురుగులే ఎక్కువ. అవి ఎగరవు, ఉన్నచోటే ఉండి గుడ్లు పెడతాయి. సాలీడు కోసం వెతికాను. ఇరవై దుబ్బులు చూస్తే ఒక్కటి కనిపించింది.

ఇంటికొచ్చి ఒక నోటుపుస్తకంలో అంకెలు రాశాను. అలవాటు లేని పని. అంతకు ముందు నా డైరీలో ఏ ఊరు వెళ్ళానో, ఎంతమంది రైతుల్ని కలిశానో ఉండేది. ఏం చూశానో ఉండేది కాదు.

ఆ రాత్రి తేలినదేమీ లేదు. పైగా అడ్డుపడ్డ సంగతి ఇంకొకటి ఉంది. కౌలు రైతు మందు కొట్టకపోవడమే కాదు, యూరియా కూడా పక్కాయన వేసినదాంట్లో సగమే వేశాడు. నత్రజని ఎక్కువైన చేనును దోమ ఇష్టపడుతుంది. మరి కాపాడింది తక్కువ యూరియానా, మందు లేకపోవడమా? రెండూనా? ఒకే ఏడాది, రెండే చేలు. ఇంతటితో ఏదీ తేల్చలేం. "తేల్చలేం" అని రాసుకుని పుస్తకం మూశాను. ఉద్యోగంలో నేను నిజాయితీగా రాసుకున్న మొదటి మాట బహుశా అదే.

మా నాన్నగారు బడిపంతులు. చదువులో పావు వంతు గురువు నుంచి, పావు సొంత బుద్ధితో, పావు తోటి విద్యార్థులతో, మిగతా పావు కాలం గడిచేకొద్దీ వస్తుందని ఒక శ్లోకం చెబుతుండేవారు. పెళ్ళిళ్ళలో మంత్రం విన్నట్టు వినేదాన్ని. ఆ క్రిస్మస్ సెలవుల్లో పుట్టింటికి వెళ్ళినప్పుడు నా పాత కీటకశాస్త్రం నోట్సు తీశాను. సుడిదోమ పేజీ. నా గుండ్రటి చేతిరాత. చివర్లో ఒక ఇంగ్లీషు మాట, "రిసర్జెన్స్". దాని కింద ఎర్రసిరాతో రెండు గీతలు. పక్కన వివరం: కొన్ని పురుగు మందులు, ముఖ్యంగా సింథటిక్ పైరిత్రాయిడ్లు, మిత్ర పురుగుల్ని చంపి దోమను అంతకు ముందుకన్నా ఉధృతం చేస్తాయి.

పరీక్షలో అడిగారు కూడా. పూర్తి మార్కులొచ్చాయి.

అంటే పాఠం చెప్పారు. నేను విన్నాను, రాశాను, గీత గీశాను, అప్పజెప్పాను. ఆగస్టులో ఆ రైతు తువ్వాలు విప్పినప్పుడు మాత్రం ఆ పేజీ నాకు గుర్తు రాలేదు. ఆకుముడత ఒక పాఠం, సుడిదోమ ఇంకో పాఠం. పుస్తకంలో వేర్వేరు పేజీల్లో ఉన్నవి చేలో ఒకే దుబ్బు మీద ఉంటాయని నాకు తట్టలేదు. మా అమ్మ భోజనానికి పిలిచింది. "ఏమైందే, మొహం అలా ఉంది" అంది. చెప్పలేకపోయాను.

ఇక ఊరుకోలేకపోయాను. తర్వాతి సార్వాలో మా డాబా మీద రెండు పాత బకెట్లలో బురద పోసి వరి నాటాను. వీధి చివర టైలరు దోమతెర గుడ్డతో రెండు సంచులు కుట్టిచ్చాడు, వెదురు పుల్లల మీద గుడారంలా కప్పాను. రెండింట్లోనూ లెక్కపెట్టి 20 దోమలు వదిలాను. ఒకదాంట్లో మాత్రం రెండు సాలీళ్ళు. మొదటిసారి చీమలు దూరి అంతా పాడైంది. రెండోసారి బకెట్లను నీళ్ళ పళ్ళేల్లో పెట్టాను. పక్కింటి పిల్లలిద్దరు బడి నుంచి రాగానే మెట్లెక్కి వచ్చి లెక్క చూసేవాళ్ళు. నాలుగో రోజుకు సాలీళ్ళున్న బకెట్లో 3 దోమలు మిగిలాయి. రెండోదాంట్లో 17. నెల తిరిగేసరికి ఆ రెండోది అడుగు నుంచి ఎండి పడిపోయింది. చేలో చూసిన సుడి బకెట్టంత చిన్నదై నా డాబా మీదకు వచ్చినట్టయింది. యూరియా ఒకటే వేశాను రెండింటికీ. అది పెద్ద ప్రయోగమేం కాదు, పరిశోధన స్థానాల్లో ఎప్పుడో చేసి రాసినదే. అయినా నా కళ్ళతో నేను చూడాల్సి వచ్చింది.

అక్కడి నుంచి మందు పని ఎలా సాగుతుందో ఆలోచించుకుంటూ పోతే ఒక్కొక్కటే విడిపడింది. మనం పిచికారీ చేసేది ఆకుల మీద. దోమ ఉండేది దుబ్బు మొదట్లో, నీటిమట్టానికి కాస్త పైన. దాని గుడ్లు తొడుగు లోపల, మందు తగలదు. ఆకుల మీదా దుబ్బుల మధ్యా తిరుగుతూ వేటాడే సాలీడుకి తగులుతుంది. ఆ దోమ గుడ్లలోని రసం పీల్చే మిరిడ్ నల్లి ఒకటి ఉంది, సన్నగా ఆకుపచ్చగా, దానికీ తగులుతుంది. వారం పది రోజుల్లో దోమగుడ్లు పగిలి పిల్లలు బయటికొస్తాయి. అప్పటికి ఇంట్లో కాపలా లేదు. ఎవరు తీసేశారు కాపలా? నా చీటీ.

మిగిలిన ప్రశ్న ఆకుముడత. దాన్ని వదిలేస్తే పంట పోదా? అది తేలకపోతే నా తప్పు సగమే తేలినట్టు. దీనికి కౌలు రైతు దగ్గరకే వెళ్ళాను. చేను మూల ఒక చదరపు మీటరు ఇమ్మని అడిగాను, నష్టమొస్తే నేనిచ్చుకుంటానన్నాను. ఊడ్పులైన 25 రోజులకు కత్తెర పట్టుకుని దిగి, ఆ గడిలోని ఆకుల్లో సగం కత్తిరించేశాను. ఆయన భార్య గట్టు మీద నిలబడి ఉంది. "పచ్చటి చేనుకు కత్తెర పెడతారా తల్లీ!" అంది. ఆవిడ గొంతులో కోపం కన్నా బాధే ఎక్కువుంది, నాకు చెయ్యాడలేదు. రెండు వారాలు తిరిగేసరికి కత్తిరించిన గడి ఏదో గుర్తుపట్టడానికి నేను పాతిన పుల్ల చూసుకోవాల్సి వచ్చింది. మొదట్లోంచి కొత్త పిలకలు వేసే వయసులో వరి అలా తేరుకుంటుంది, పోయిన ఆకుకు బదులు కొత్త ఆకు వేసుకుంటుంది. కోతలప్పుడు ఆ గడిలో ధాన్యం, పక్కన అంతే కొలత గడిలో ధాన్యం కిరాణా కొట్టు తక్కెడలో తూచాం. చెప్పుకోదగ్గ తేడా లేదు. పొట్ట దశ దాటాక, కంకికి ఆనుకుని ఉండే చివరి ఆకు, పోటాకు, పోతే మాత్రం వేరు సంగతి, అప్పుడు దెబ్బ తగులుతుంది. ఆగస్టులో ఆ రైతు తువ్వాలులో ఉన్నవి పిలక దశలోని ఆకులు.

తక్కెడ దించాక ఆవిడ నా కత్తెర చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, మాట్లాడకుండా తిరిగిచ్చింది.

1990ల మధ్యలో నాకు సమగ్ర సస్యరక్షణ శిక్షణ దొరికింది. పైరు నాటిన దగ్గర నుంచి కోత దాకా వారం వారం చేలోనే పాఠం. తర్వాత మన రాష్ట్రంలో పొలంబడి పేరుతో అందరికీ తెలిసిన పద్ధతి. ఇండోనేషియాలో దోమపోటుతో లక్షల ఎకరాలు ఎండిపోతే, అక్కడి ప్రభుత్వం 1986లో వరి మీద 57 పురుగు మందుల్ని నిషేధించిందనీ, ఆ తర్వాత ఈ చేలో బడులు మొదలయ్యాయనీ అక్కడే విన్నాను. నా డాబా మీది బకెట్లు, ఆ కత్తెర పని, అన్నీ అక్కడ రైతులతో చేయించే మామూలు పాఠాలు. నేను ఒంటరిగా రెండేళ్ళు తడుముకున్నది ఇరవై అయిదుమంది రైతులు ఒక పంటకాలంలో మాట్లాడుకుంటూ తేల్చేస్తున్నారు. నాన్నగారు చెప్పిన మూడో పావు అదేనని అర్థమైంది. నాకు బాగా నచ్చింది బొమ్మ వేసే పని. పెద్ద కాగితం మీద మధ్యలో వరి దుబ్బు, ఒక పక్క శత్రు పురుగులు, ఇంకో పక్క మిత్ర పురుగులు, పైన ఆ రోజు ఎండైతే సూర్యుడు, ముసురైతే మబ్బు. సంతకం రాని ముసలాయన ఒకరు అక్షింతల పురుగు వీపు మీది చుక్కలు లెక్క తప్పకుండా వేశారు. నేను వేసిన బొమ్మలో కాళ్ళ సంఖ్య తప్పితే ఆయనే దిద్దారు.

కానీ నేర్చుకున్నదంతా ఒక ఎత్తు, ఆ నోటుపుస్తకం ఒక ఎత్తు. మొదటి ఏడాది తర్వాత దాన్ని వదల్లేదు. పేజీ మధ్యలో నిలువు గీత. ఎడమ వైపు ఆ రోజు చూసింది, కుడి వైపు దాని గురించి నేను అనుకున్నది. మూడు నెలలకోసారి ఆదివారం పొద్దున కూర్చుని కుడి వైపు మాత్రమే చదివేదాన్ని, తప్పని తేలినదాని పక్కన చిన్న సున్నా పెట్టేదాన్ని. సున్నాలు తక్కువేం కాదు. అయిదారేళ్ళు పోయాక ఒకసారి అన్నీ కలిపి చూశాను. చదువు చాలక జరిగిన తప్పులు అనుకున్నవి కొన్నే. ఎక్కువ సున్నాలు ఒకే రకం రోజుల దగ్గర పడ్డాయి. ఎదురుగా ఎవరో భయపడుతూ నిలబడి ఉన్న రోజులు. నలుగురు చూస్తున్న రోజులు. ఆ రోజుల్లో నా చెయ్యి ఊరుకోలేకపోయింది, ఏదో ఒకటి రాసింది. ఆగస్టులో నేను రాసిన చీటీ ఆకుముడతకు కాదు. ఆయన మొహంలో భయానికి రాశాను. ఆ భయం ముందు చేతులు కట్టుకుని "పది రోజులు చూద్దాం" అనలేని నా బెదురుకు రాశాను. దీనికి కీటకశాస్త్రంలో మందు లేదు. ఇది ఏ పుస్తకంలోనూ నాకు దొరకలేదు, నా చేతిరాతలోనే దొరికింది, అదీ చాలా ఆలస్యంగా.

అప్పటికి బదిలీ మీద వేరే మండలంలో ఉన్నాను. సంగతి 1993లోనే తేలింది. రెండెకరాల రైతుకు చెప్పడానికి మాత్రం 1997 దాకా వెళ్ళలేదు. దూరం 40 కిలోమీటర్లే. ఆ నాలుగేళ్ళ గురించి చెప్పుకోవడానికి నా దగ్గర సాకు లేదు.

వెళ్ళింది సెప్టెంబరులో. ఆయన గట్టు మీద గడ్డి కోస్తున్నాడు. జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టి కొడవలి కింద పెట్టి లేచాడు. కూర్చోమన్నా కూర్చోలేదు, నేనూ నిలబడే చెప్పాను. ఆ ఏడు దోమపోటు ముసురు వల్ల ఒక్కటే కాదండీ, నేను రాసిన మందు వల్ల, రెండుసార్లు రాశాను, అవసరం లేకుండా రాశాను, తెలిసి నాలుగేళ్ళయింది, ఇన్నాళ్ళూ మీకు చెప్పలేదు అని. ముందే మనసులో అనుకుని వెళ్ళిన మాటలే అయినా తడబడ్డాను.

ఆయన చాలాసేపు చేను వైపే చూశాడు. నన్ను ఓదార్చలేదు. పరవాలేదండీ అనలేదు. "గేదె మంచిదండి. పూటకు నాలుగు లీటర్లిచ్చేది" అన్నాడు. అంతే. నేను తల వంచుకున్నాను.

కాసేపయ్యాక చేలోకి వంగి ఒక ఆకు తుంచి నా చేతిలో పెట్టాడు. తెల్లటి చార. అంచులు ముడుచుకుని ఉన్నాయి.

"మరి ఇప్పుడు దీనికి ఏం చెయ్యమంటారండీ?"

చెప్పులు గట్టు మీద వదిలాను. ఆయన పంచె ఎగగట్టాడు. ఇద్దరం దిగాం. మొదటి దుబ్బు నేను వంచి తట్టాను, ఆయన మోకాళ్ళ మీద వంగి నీళ్ళలోకి చూస్తూ పైకి లెక్కపెట్టాడు. దోమలు 4, సాలీళ్ళు 2. రెండో దుబ్బు ఆయన తట్టాడు, నేను లెక్కపెట్టాను.